ప్రజా ఫోల్డర్

గల్ఫ్ ప్రవాసుల జ్ఞాపకాలను కలకాలం భద్రపరిచే 'ప్రజా ఫోల్డర్'ను శుక్రవారం ఉదయం రాష్ట్ర నాయకులు శ్రీనివాసులు గారు స్వహస్తాలతో తెరుస్తారని సంఘం అధ్యక్షుడు నాగేంద్రప్రసాద్ ప్రకటించాడు. ఫోల్డర్ సల్వాలో అధ్యక్షుడి ఫ్లాట్‌లోనే, పడకగది కంప్యూటర్‌లో ఐదేళ్లుగా ఉంది. హాల్లోని ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీద తెరుచుకుంటుంది. ఐదేళ్లుగా ఉన్నదానికి ఇప్పుడు ప్రారంభోత్సవమేమిటని ఎవరూ అడగలేదు. అక్కడ రాష్ట్రంలో ప్రభుత్వం మారింది కాబట్టి ఇక్కడ అన్నీ మళ్లీ ప్రారంభం కావాలి. వంగపండు రంగు కండువాలు పోయి చిలకపచ్చ కండువాలు వచ్చాయి. పాస్‌వర్డ్ కూడా మార్చాలని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి చప్పట్లు కొట్టింది.

ఆ శుక్రవారం గంగులమ్మ మాత్రం ఫోటో కోసం వచ్చింది. మిష్రిఫ్‌లో ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, పనివాళ్లంతా 'మామా' అని పిలిచే అరబ్బు ఆవిడ, మధ్యాహ్నం వంటవేళకు తిరిగొచ్చేయమని చెప్పి పంపింది. భర్త వెంకటరాముడు షర్క్‌లో కడుతున్న భవనం మీద నుంచి పడిపోయాడు. ఆయన ఫోన్ ఆయనతోపాటే పడింది. శవపెట్టె ఊరు చేరింది. సెలవు దొరక్క ఆమె చేరలేదు. ఆదివారం పెద్దదినం, పటానికి దండ వేసి కర్మ ముగించే రోజు. ఊళ్లో పెళ్లినాటి ఫోటో ఒకటుంది గానీ, అందులో ఉన్నది మీసమైనా సరిగా రాని ఎవరో మనిషి. తనతో కాపురం చేసిన ముఖం కావాలి ఆమెకు. కళ్లు మూసుకుంటే అది ఇప్పటికే సగం సగమే వస్తోంది.

"మీ మీటింగులన్నిటికీ వచ్చినాడు గదన్నా. యాడన్నా ఒక ఫోటో ఉంటాది."

"ఒకటేందిమ్మా, నీ మొగుడు లేని ఫోటోనే లేదు" అన్నాడు నాగేంద్రప్రసాద్. "సార్ రిబ్బన్ కత్తిరించనీ."

శ్రీనివాసులు గారు ల్యాప్‌టాప్‌కు కట్టిన రిబ్బన్ కత్తిరించారు. ఫోల్డర్ మీద నొక్కారు. పాస్‌వర్డ్ అడిగింది. కొత్త నాయకుడి నినాదం కొట్టారు. తప్పన్నది.

సంఘం ఐటీ కార్యదర్శి వెంకటసత్యనారాయణ ముందుకొచ్చాడు. అమలాపురంలో ఆయనకు సెల్‌ఫోన్ కవర్ల దుకాణం ఉండేది. రూటర్ ఆపి వెలిగించాడు. ల్యాప్‌టాప్ కూడా ఆపి వెలిగించాడు. ఇంట్లో అందరి ఫోన్లూ వైఫై నుంచి తప్పించాడు.

"మళ్లీ తప్పంటందండి."

"లోపలి కంప్యూటర్‌లోనే చూడరాదా?" అన్నారు శ్రీనివాసులు గారు.

"దానికి స్క్రీన్ లేదండి. ఎలక్షన్ ఫలితాల నాడు పగిలిపోయిందండి."

"ఎవరు పగలగొట్టినారు?"

నాగేంద్రప్రసాద్‌కు గుర్తు రాలేదు.

"ఇంతకీ పాస్‌వర్డ్ మార్చిందెవరండి?" అన్నాడు వెంకటసత్యనారాయణ.

తీర్మానం అందరూ చేశారు. మార్చింది ఎవరూ లేరు.

"అయితే పాతదే కొట్టాలండి. మీకు తెలుసు కదండి."

నాగేంద్రప్రసాద్ కండువా సర్దుకున్నాడు. "నాకు తెలీదు. ఆ పార్టీ వాసనే నాకు పడదు."

ఐదేళ్లపాటు ప్రతి సభలోనూ మైకు పగిలేలా ఆయన అరిచిన నినాదం అది. గోడకు ఆనుకున్న వాళ్లంతా తమ చెప్పులు చూసుకున్నారు. గంగులమ్మ గడియారం చూసింది.

"యల్లా యల్లా, తొందరగా ఏదో ఒకటి తేల్చన్నా. మామా ఫోన్ చేస్తాది."

శ్రీనివాసులు గారు ప్రజల మనిషి. ఆడమనిషి కష్టం చూడలేకపోయారు. ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని, అక్షరాల వంక చూడకుండానే, టకటకా 'పెద్దాయనే మా ప్రాణం' అని కొట్టారు. ఫోల్డర్ తెరుచుకుంది. నెలరోజుల క్రితం పార్టీ మారిన మనిషి వేళ్లను ఎవరూ తప్పుపట్టలేదు. చప్పట్లు మోగాయి.

ఫోటోలు వరసగా వచ్చాయి. అన్నిట్లోనూ పెద్ద ఫ్లెక్సీ, దాని నిండా నాగేంద్రప్రసాద్ ముఖం. ఫ్లెక్సీని రెండు చివరలా పట్టుకుని రెండు చేతులు.

"మా ఇంటాయన యాడన్నా?"

"ఎనకాల ఉండాడు గదమ్మా. ఫ్లెక్సీ నిలబెట్టేది వాడే. వాడు లేకుంటే నేను ఎప్పుడో పడిపోయేటోణ్ణి."

గంగులమ్మ తెర దగ్గరికి వంగింది. ఎడమ బొటనవేలి గోరు సగమే ఉంది.

"ఈయనే" అంది.

నాగేంద్రప్రసాద్ చలించిపోయాడు. ఆ ఫోటోను అప్పటికప్పుడు పెద్ద సైజులో ప్రింటు తీయించి ఆమె చేతిలో పెట్టాడు. "పూజ చేసి, ఒక ఫోటో తీసి మన గ్రూపులో పెట్టుమ్మా. సంఘం సేవ నలుగురికీ తెలియాల."

ఆదివారం గంగులమ్మ తన గదిలో పటం గోడకు అంటించింది. మామా తోటలోని మల్లెలు కట్టి దండ వేసింది. దీపం పెట్టింది. చెప్పినట్టే ఫోటో తీసి గ్రూపులో పెట్టింది.

దండ కింద నాగేంద్రప్రసాద్ ముఖం చూసి పది నిమిషాల్లో గ్రూపంతా 'ఓం శాంతి' అయింది. తీరని లోటు అన్నారు. ఆయన మంచితనం ఏ పార్టీలో ఉన్నా మారలేదన్నారు. శ్రీనివాసులు గారు విమానాశ్రయం నుంచే ప్రగాఢ సంతాపం తెలిపి, విమానం ఎక్కేలోపు కొత్త అధ్యక్షుణ్ని కూడా ప్రకటించారు. వెంకటసత్యనారాయణకు అభినందనలు మొదలయ్యాయి.

గంగులమ్మ ఫోన్ మోగింది.

"నేను బతికే ఉండానమ్మా. ముందు నా ముఖం తీసెయ్ అందులోంచి."

"తీసేస్తా లేన్నా. నాకు దాంతో పనేముండాది."

వంటింట్లోంచి కత్తెర తెచ్చుకుంది. పటం దించి, నడుమనున్న ముఖాన్ని జాగ్రత్తగా కత్తిరించి చెత్తబుట్టలో వేసింది. ఇక మిగిలినవి రెండు ముక్కలు, ఒక్కోదాంట్లో ఒక్కో చెయ్యి. వాటిని గోడకు పక్కపక్కనే అంటించింది. దండ ఒకటే ఉంది. రెంటికీ కలిపి వేసింది.