వంతెన మీద మొదటి బండి

ఆదివారం పొద్దున లైబ్రేరియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తన పాఠకులు ముగ్గురి చేత తలా ఒక వాక్యం రాయించాలి, అంతే. కంప్యూటర్ల గదిని ఎవరూ వాడటం లేదనీ, సాయంత్రం తాను వచ్చేసరికి అక్కడ కొత్తవాళ్లు రాస్తూ కనిపించకపోతే అందులో విరిగిన కుర్చీలు పెట్టిస్తాననీ పై అధికారి చెప్పి ఉన్నాడు. ఆ గదంటే ఆమెకు ప్రాణం.

వచ్చినవాళ్లు రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య, ఎదురుగా కొట్టున్న దర్జీ. పెద్దవాళ్లను పేరు, పాస్‌వర్డు అంటూ విసిగించడం ఎందుకని లైబ్రేరియన్ ముందే ఖాతాలు తెరిచి పెట్టింది. పుస్తకాలకు అంకెలు వేసి వేసి చేతికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది? పాఠకుడు ఒకటి, పాఠకుడు రెండు, పాఠకుడు మూడు. పరిచయం కూడా తనే చెప్పి రాయించింది: "నేను కొత్తగా చేరాను. తప్పులుంటే మన్నించండి." కండక్టరు భార్య తనను పాఠకుడు రెండు చేసినందుకు ఏమీ అనలేదు గానీ, ఒకటి ఎవరని మాత్రం అడిగింది.

మొదటి పాఠానికి ఊరి వంతెన గురించిన పేజీ తీశారు. ఏది రాసినా ఆధారం ఉండాలనీ, ఎవరో చెప్పగా విన్నది ఆధారం కాదనీ లైబ్రేరియన్ ముందే చెప్పింది. దాని మీద మొదట వెళ్లింది బస్సు అని కండక్టరు ఒంటి వేలితో రాశాడు. భార్య దాన్ని చెరిపి పాలవ్యాను అని రాసింది. ఆ వ్యాను నడిపింది ఆమె తండ్రి. దర్జీ రెండూ తీసేసి తన అన్న సైకిలు ఎక్కించాడు. లైబ్రేరియన్ టీ తెప్పించేలోపు ఆ పేజీలో తిరిగినన్ని బండ్లు అసలు వంతెన మీద కూడా తిరిగి ఉండవు.

అంతలో మూడు తెరల మీదా ఒకే నోటీసు వచ్చింది. ఎక్కడో కూర్చుని ఆ పేజీలను కాపలా కాసే నిర్వాహకుడు ఇదంతా చూశాడు. ఒకే కనెక్షను, ఒకే మూస పేర్లు, ఒకే పరిచయం. ఇది ఒక్క మనిషి దొంగ ఖాతాలతో ఆడుతున్న నాటకమని తేల్చి మూడింటినీ ఆపేశాడు. అభ్యంతరం ఉంటే ఎవరి చర్చ పేజీలో వాళ్లు సంజాయిషీ రాసుకోవచ్చన్నాడు.

లైబ్రేరియన్ వాళ్ల కుర్చీల దగ్గరికి పరుగెత్తింది. "బాబాయిగారూ, పిన్నిగారూ, మీరు వేరువేరు మనుషులని మర్యాదగా రాయండి, చాలు," అని బతిమాలింది.

కండక్టరు మర్యాదగానే మొదలుపెట్టాడు. తానూ పాఠకుడు రెండూ ఒకటి కాదనీ, ఒకటే అయితే ఇన్నాళ్లూ ఇంట్లో ఇంత రభస ఉండేది కాదనీ రాశాడు. అది పక్క తెర మీద భార్య కంట పడింది. ఆ రభస ఎవరి వల్లో ఆమె తన పేజీలో వివరంగా రాసి, అక్కడి నుంచి బస్సు సంగతి ఎత్తుకుంది.

"అప్పటికి మీకు ఉద్యోగమే రాలేదు. బస్సు వెళ్లడం ఎక్కడ చూశారు?"

"నేను చూడక్కర్లేదు. ఊరంతా చెప్పుకున్నారు."

"ఊరంతా అంటే మీ అన్నయ్యేగా. అది ఆధారం కాదని లైబ్రరీ అమ్మాయి ఇందాకే చెప్పింది."

నోటితో అన్నదల్లా ఇద్దరూ టైపు కూడా చేశారు. దర్జీ సర్దిచెప్పబోయి, మధ్యలో సైకిలు మాట తెచ్చి, ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాడు.

లైబ్రేరియన్ ఇక వాళ్లను ఆపలేక తన కంప్యూటరు ముందు కూర్చుంది. ఏళ్ల తరబడి మచ్చ లేకుండా రాస్తూ వచ్చిన తన సొంత ఖాతా నుంచి నిర్వాహకుడికి క్షమాపణ రాసింది. తప్పంతా తనదేననీ, ఆ ఖాతాలన్నీ తెరిచింది తానేననీ, పెద్దవాళ్లను ఏమీ అనవద్దనీ వేడుకుంది.

అధికారి గుమ్మంలో అడుగు పెడుతుండగా జవాబు వచ్చింది. ఒక్క మనిషి తనతో తాను ఇంత పట్టుదలగా పోట్లాడటం జరిగే పని కాదనీ, మాటమాటకీ ఆధారం అడిగే ఇలాంటివాళ్లు విజ్ఞాన సర్వస్వానికి కావాలనీ చెప్పి, నిర్వాహకుడు ముగ్గురినీ వదిలేశాడు. అధికారి చూసేసరికి ముగ్గురూ తల ఎత్తకుండా టకటకా కొడుతున్నారు. ఆయన పలకరించబోతే కండక్టరు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇంత శ్రద్ధ తానెక్కడా చూడలేదని అధికారి మెచ్చుకుని, ఇక గది జోలికి రానని మాట ఇచ్చి వెళ్లాడు. లైబ్రేరియన్‌కు కళ్ల నీళ్లు తిరిగాయి.

ఆ కళ్లతోనే జవాబులోని చివరి వాక్యం చదివింది. ఇతరుల పేరిట ఖాతాలు తెరిచినట్టు తానే ఒప్పుకున్నందువల్ల ఆమె ఖాతాను ఆపేశారట. ఆమె కుర్చీలో కూలబడింది.

"నువ్వేం బాధపడకమ్మా," అంది కండక్టరు భార్య, చీర కొంగు నడుముకు దోపుకుంటూ. "నీ తరఫున మేము ముగ్గురం రాస్తాం."

అది విన్నాక లైబ్రేరియన్ తన ఖాతా మీద ఆశ పూర్తిగా వదులుకుంది.