పచ్చని చార్టు, ఉబ్బిన పొట్ట

చేయవలసిన పనులు ఇవి. కుక్కపిల్లకి ఎనిమిదో వారంలో మొదటి టీకా, పన్నెండో వారంలో రెండోది, పదహారో వారంలో మూడోది, దాంతోపాటే రేబిస్ సూది. పదిహేను రోజులకోసారి పొట్టలోని పురుగులకు మందు. నెలకోసారి గోమార్లు పట్టకుండా మెడ వెనక చుక్కల మందు. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద దింపకుండా ఎత్తుకుని తిప్పడం. దాన్ని ముట్టుకున్న ప్రతివాళ్లూ చేతులు కడుక్కోవడం.

పై పనులన్నీ ఒక ఆదివారం సాయంత్రం, భోజనాల బల్ల మీద, ఎనిమిది నిమిషాల్లో పూర్తయ్యాయి. ఆ సమయంలో కుక్కపిల్ల పక్కగదిలో నిద్రపోతోంది. దాని నిద్రకు ఎలాంటి భంగమూ కలగలేదు.

ఇంత సమర్థంగా పని ముగించినవారు ఆ ఇంటి యజమాని. పరాయి దేశంలో ఒక డబ్బాల ఫ్యాక్టరీకి భద్రతాధికారి. నెల మొదటి తారీకున కూర్చుని, ఆ నెలంతా జరగబోయే తనిఖీలన్నిటికీ ముందుగానే పచ్చరంగు వేసి సంతకం చేసేయడం ఆయన పద్ధతి. దీనివల్ల నెలాఖరున హడావుడి ఉండదు. ఆయన హయాంలో ఫ్యాక్టరీలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. మెట్ల మీద జారి చెయ్యి విరిగినతను సెలవులో ఉన్నాడు. యంత్రంలో వేలు నలిగినతను శిక్షణలో ఉన్నాడు.

ఫ్రిజ్ తలుపు మీద అతికించిన చార్టులో కూడా అన్ని గళ్లూ పచ్చగా కళకళలాడుతున్నాయి, ఇంకా రాని వారాలతో సహా. రొట్టెల దుకాణంలో పని ముగించుకుని వచ్చిన భార్య దాన్ని చూసి మురిసిపోయింది. పచ్చ అంటే ఆసుపత్రిలో రోజు ఖరారైందని ఆవిడ అనుకుంది. పచ్చ అంటే పచ్చ అని ఆయన ఉద్దేశం. ఒకరినొకరు అడిగి తెలుసుకోలేదు. కాపురాలు నిలబడేది ఇలాంటి మర్యాదల మీదే.

ఆ ఇంట్లో చార్టు చదవలేని మనిషి ఒక్కరే, ఆయన తల్లి. ఆమెకు అక్షరాలు రావు. ఆ దేశపు భాషలో మూడే మాటలు వచ్చు, వాటిలో ఒకటి బస్సు. అందువల్ల పాపం ఆమెకు కుక్కపిల్లనే, అంటే బుడంకాయనే, చూడాల్సి వచ్చేది. చదువు లేకపోతే వచ్చే చిక్కే ఇది.

“ఒరేయ్ నాన్నా, బుడంకాయ పొట్ట చూడరా. డోలులా ఉబ్బింది. వీపు మీద ఎముకలు మాత్రం లెక్కపెట్టొచ్చు. పురుగులే ఇవి.”

“పురుగులు పోయిన నెలలోనే పోయాయమ్మా.”

“ఎక్కడికి పోయాయి?”

“చార్టు చూడు.”

“చార్టుకి పొట్ట లేదు గదరా.”

తల్లి మాటలు పాత తరం మాటలని ఆయన నొచ్చుకోకుండా ఊరుకున్నారు.

ఇంతలో చార్టు ఖ్యాతి నలుదిక్కులా పాకింది. ఆ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లంతా ఒక శనివారం వచ్చి ఫ్రిజ్‌ని దర్శించుకున్నారు. సంఘం అధ్యక్షులు పూలగుత్తి ఇచ్చారు. భద్రతాధికారి వారు నాలుగు మాటలు చెప్పారు.

“సోదర సోదరీమణులారా, టీకా అనేది రేపటి పని. రేపటి పనిని నిన్ననే ముగించినవాడికి ఈరోజు భయం ఉండదు. ప్రణాళిక ఉన్న ఇంట్లోకి పురుగు రావాలంటే ముందు అనుమతి తీసుకోవాలి.”

చప్పట్లు మోగాయి. అదే సమయంలో బుడంకాయ బల్ల కిందికి వెళ్లి అధ్యక్షుల వారి బూటులో వాంతి చేసుకుంది. అది సంతోషం పట్టలేక చేసిన పని అని సభ ఏకగ్రీవంగా అంగీకరించింది.

అయిదు కుటుంబాలవాళ్లు చార్టుకు ఫొటోలు తీసుకెళ్లారు. వాళ్లలో ముగ్గురికి కుక్కలు లేవు. ఒకాయన పొద్దుటి నడకకు అలాంటిదే వేసుకుని, సోఫాలోంచి లేవకుండా ఏడాది పాటు నడిచారు. ఒకావిడ పిల్లలు వచ్చే ఏడాది పరీక్షలు కూడా పాసయ్యారు.

ఆ వారంలోనే కింది అంతస్తులో ఒక కుక్కపిల్ల రక్తవిరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో చనిపోయింది. దానికి టీకా లేదట. కుక్కలున్నవాళ్లంతా టీకాల ఆధారాలు చూపాలని భవనం మేనేజరమ్మ లిఫ్టులో కాగితం అంటించింది. ఆయన చార్టు పట్టుకెళ్లారు. ఆవిడ కుక్కను చూస్తానని అడగలేదు. రంగు చాలా బాగుందని మెచ్చుకుని, ఆదర్శ శునకం అని ధ్రువపత్రం రాసి, బుడంకాయ ఫొటోతో సహా లిఫ్టులోనే అతికించింది.

ఆదర్శ శునకం ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. ఆయన కంగారుపడి చార్టును మూడుసార్లు తనిఖీ చేశారు. చార్టులో ఏ లోపమూ లేదు. అయినా బాధ్యత గల మనిషి కనుక చివర ఒక గడి గీసి, పసుపురంగు వేసి, “ఆకలి: పరిశీలనలో” అని రాసి ఫ్యాక్టరీకి వెళ్లారు.

తల్లి ఇక ఆగలేదు. బుడంకాయని పాత దుప్పటిలో చుట్టి, ఆసుపత్రి చిరునామా ఉన్న కాగితం చేతపట్టుకుని, తనకు వచ్చిన మూడు మాటల్లో ఒకటి వాడి బస్సెక్కింది. ఆసుపత్రిలో పొట్ట చూపించింది. మిగతా సంగతులు అడగడానికి కొడుకు నంబరు చూపించింది.

ఆయన అప్పుడు పైనుంచి తనిఖీకి వచ్చిన ముగ్గురు అధికారుల ఎదుట, పచ్చ కాగితాల కట్ట ముందు కూర్చుని ఉన్నారు.

“పురుగుల మందు వేళకు పడిందా?” అని ఫోన్లో డాక్టరమ్మ అడిగింది.

“రికార్డు ప్రకారం అన్నీ పడ్డాయండి.”

ఎదుట ఉన్న ముగ్గురూ మెచ్చుకోలుగా తలలూపారు.

“అయితే ఈ వాపు పురుగుల వల్ల కాదు. ఏదో మింగి ఉంటుంది. కోసి చూడాలి. నీరసంగా ఉంది, తట్టుకుంటుందో లేదో చెప్పలేను.”

“మీకెలా తోస్తే అలా చేయండి,” అన్నారు ఆయన.

కాసేపటికి అదే ఫోన్లో తల్లి గొంతు వినిపించింది.

“ఏం చెప్పావురా? పొట్ట మీద బొచ్చు గీస్తున్నారు.”

“కోసి చూస్తారంటమ్మా.”

“పురుగులకి కోతెందుకు? మందు పోస్తే పోయేదానికి.”

“మందు వేసినట్టు ఉంది కదమ్మా.”

“ఎవరు వేశారు?”

ఆయన ఎదుట ఉన్న పచ్చ కాగితాల కట్ట వైపు చూశారు.

“మీ అక్కకీ వేసినట్టే ఉందిరా,” అంది తల్లి. “టీకాల మనిషి మన అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి, ఇంటింటి పిల్లల పేర్లూ రాసుకుని వెళ్లిపోయాడు. దానికి తట్టు పోస్తే ఆసుపత్రికి ఎత్తుకెళ్లాను. వాళ్లు పుస్తకం తిరగేశారు. ఈ పిల్లకి టీకా పడింది, ఇది తట్టు కాదు, వేడి పొక్కులు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. తీసుకొచ్చాను. మూడు రోజులుంది. నువ్వప్పటికింకా పుట్టలేదు.”

“ఫోను ఆవిడకివ్వమ్మా,” అన్నారు ఆయన.

తర్వాత ఆ దేశపు భాషలో, ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పారు. “ఏదీ వేయలేదండి. మందూ లేదు, టీకా లేదు. వేసినట్టు నేను రాశానంతే.”

ఎదుట ఉన్న ముగ్గురికీ ఆ భాష బాగా వచ్చు. వాళ్లలో ఒకాయన పచ్చ కాగితాల కట్టను మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

బుడంకాయని కోయలేదు. గొంతులో మందు పోశారు. రెండు రోజుల్లో దాని పొట్టలోంచి దారపుండంత పురుగులు పడ్డాయి. ఒళ్లు కోలుకున్నాక మొదటి టీకా వేశారు. నాయనమ్మ ఒళ్లో కూర్చుని వేయించుకుంది, డాక్టరమ్మ వేలు కొరికింది కూడా. భద్రతాధికారి ఉద్యోగం పోయింది. ఆయన స్థానంలోకి వచ్చిన కొత్తాయన చాలా చురుకైనవాడు, చేరిన రోజే మొత్తం నెలంతా పచ్చగా చేసేశాడని విన్నాం.

పాఠకులకు ఒక మనవి. ఆ అరుగు ఉన్న ఊళ్లో ఆ ఏడాది పిల్లల టీకాలు నూటికి నూరు శాతం పూర్తయ్యాయి. అందుకు ప్రశంసాపత్రం కూడా వచ్చింది. ఆ నూరు శాతంలో రెండేళ్ల పిల్ల ఒకతె ఉంది. మీ వీధిలోనో మీ ఆఫీసులోనో నూటికి నూరు అని ఎవరైనా చదివితే చప్పట్లు కొట్టండి, వద్దనడం లేదు. ఆ కాగితం అడుగున సంతకం మనదే అయి ఉండొచ్చు కూడా. కొట్టే ముందు మాత్రం ఆ పిల్లని ఒక్కసారి గుర్తు చేసుకోండి.