పావురాల వేళకు పూసిన మల్లె

గడ్డం గీసుకోవాలి, యాలకులు దంచి కలిపిన కాఫీపొడి తెచ్చుకోవాలి, పొద్దుగూకేలోగా మల్లెపూవును నిలబెట్టాలి. ఆ రోజుకు బయూమీ పథకం ఇంతే. మొదటి రెండూ పొద్దున తొమ్మిదింటికల్లా అయిపోయాయి. మూడోదే తేలడం లేదు. అది లేజర్ కాంతితో గీసిన పూవు. డాబా మీద తాడుకు కట్టిన తెల్ల దుప్పటిపై రెండు రోజులుగా కాడ పక్కకు చాపుకుని, జ్వరమొచ్చినదానిలా పడుకునే ఉంది.

నైలు ఒడ్డున ఇంబాబా సందుల్లో పెళ్ళంటే పాటల పెట్టెలతో పాటు బయూమీ లేజర్ పెట్టె కూడా రావాల్సిందే. పాడైపోయిన డీవీడీ మిషన్లు, పాత కంప్యూటర్ డిస్కులు, పగిలిన అద్దం ముక్కలు, ఇలా పారేసిన వాటితోనే అతను వెలుగు చేస్తాడు, అందుకే వీధిలో అతన్ని ఉస్తా, అంటే పనిమంతుడు, అని పిలుస్తారు. పెట్టె లోపల వేలిగోరంత అద్దాలు రెండుంటాయి. ఒకటి కాంతిని అటూ ఇటూ ఊపితే, రెండోది కిందికీ పైకీ ఊపుతుంది. ఆ రెండూ కలిసి ఊగితే గాలిలో పూలు పూస్తాయి, చేపలు ఈదుతాయి. బయూమీకి నలభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. వీధిలో సగం మంది పెళ్ళిళ్ళు అతని వెలుగులోనే అయ్యాయి. అతని పెళ్ళి మాత్రం ఇంకా చీకట్లోనే ఉంది.

ఇవాళ వెలిగేలా ఉంది. పక్క మేడలో ఉండే కసాయి దిస్సూకీ, వీధికి పెద్ద కాబట్టి అందరికీ మాలిమ్ దిస్సూకీ, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజు కాగానే కాఫీకి వస్తానన్నాడు. చెల్లెలు అవాతిఫ్‌ను వెంటబెట్టుకొస్తాడు. అన్నీ కుదిరితే అక్కడే ఫాతిహా చదువుతారు. చదివారంటే మాట ఖాయమైనట్టే.

అవాతిఫ్ కుట్టుపని చేస్తుంది. ఈ ఏడాది మూడుసార్లు కుట్టుమిషన్ మోటారు రిపేరుకు తెచ్చింది. మూడుసార్లూ మోటారులో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు, అతనూ చెప్పలేదు. జడలో మల్లెలు పెట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే బయూమీకి అయిదంతస్తుల మేడ కాస్తా నైలు మీద పడవలా ఊగేది.

అడ్డమల్లా దిస్సూకీయే. ఇంతకుముందు రెండుసార్లు వస్తానని రాలేదు. ఈసారి కబురు సూటిగా చెప్పాడు.

"ఇవాళ కుదిరితే కుదిరినట్టు బయూమీ. లేదంటే సోమవారం టాంటా నుంచి బట్టల వ్యాపారి వస్తున్నాడు. ఆయనకి రెండు కొట్లు. నీకేమున్నాయ్? తీగలు!"

"తీగల్లో కరెంటుంది మాలిమ్," అందామనుకుని బయూమీ నోట్లోనే మింగేశాడు.

అందుకే పూవు నిలబడాలి. అవాతిఫ్ డాబా మీద అడుగుపెట్టగానే ఆమె జడలో పూవు ఆమె ఎదుటే ఆకుపచ్చగా వికసించాలి.

పొద్దు వాలేవేళకు కిటుకు తట్టింది. రెండు అద్దాల తీగలూ తారుమారు చేస్తే పడుకున్న పూవు దానంతటదే లేచి నిలబడుతుంది! ఇంత తేలికైన పనికి రెండు రోజులు కొట్టుకున్నందుకు తన తల తానే మొట్టుకుని, తీగలు పీకి, అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడు. ఆ సంబరంలో రెండు సంగతులు మరిచిపోయాడు. అటూ ఇటూ ఊపే తీగల్లో పెళ్ళి పందిళ్ళ కోసం ఊపు బాగా ఎక్కువ ఉండేలా తనే బిగించాడు. ఇప్పుడా ఊపంతా పైకి పోతుంది. ఇక రెండో సంగతి, అది పావురాల వేళ, మందలను గూళ్ళలోంచి ఎగరేసే వేళ.

ఆ వేళలో ఆ వీధి డాబాల మీద దుప్పటి దులపడానికి కూడా ఎవరూ సాహసించరు. దిస్సూకీ డాబా మీద చెక్కలతో కట్టిన పావురాల గూడు నాలుగు నిలువుల ఎత్తుంటుంది. ఎదురు వరుసలో మాలిమ్ షలబీ గూడు దానికన్నా ఒక మూరెడు ఎక్కువ. ఆ మూరెడు దగ్గరే పదిహేనేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఎవరి గూటిమీద వాలిన పక్షి వాళ్ళది, అదీ అక్కడి ధర్మం. పోయిన పక్షిని తిరిగి అడగడమంటే పరువు అమ్ముకోవడమే.

బయూమీ మీట నొక్కాడు. పూవు నిలబడింది. దుప్పటి దాటి, తాడు దాటి, ధూళి నిండిన గులాబిరంగు ఆకాశంలోకి పెరిగిపోయింది. మేడలన్నిటికన్నా ఎత్తున ఒక్కొక్క రేకే విచ్చుకుంటూ ఆకుపచ్చ మల్లె వేలాడింది. బయూమీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. అంత అందమైనది తన చేతుల్లోంచి రావడం అదే మొదటిసారి.

ఆ రేకుల మధ్యకే దిస్సూకీ మంద, నలభై పావురాలు, గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. వెలుగు తగలగానే దండ తెగినట్టు చెదిరింది. మరుక్షణం నలభై పక్షులూ షలబీ గూటిమీద వాలాయి.

షలబీ ఈల వీధి ఆ చివరిదాకా వినబడింది. బయూమీ పెట్టె ఆపేలోపే ఫోను మోగింది.

"కాఫీ లేదు, గీఫీ లేదు!" అవతల దిస్సూకీ కేకలేస్తున్నాడు. "ఆ షలబీగాడు ఏదో మంత్రం వేశాడు. నా మంద మొత్తం పోయింది బయూమీ! మందలేనివాడిని, నేనెవరి ముందు కూర్చుని ఫాతిహా చదవను?"

"మాలిమ్, ఒక్క పది నిమిషాలు..."

"సోమవారం ఆ టాంటా ఆయనతోనే మాట్లాడతా. ఆలోగా నేను బతికుంటే!"

ఫోను ఆగింది. బయూమీ బుర్ర మాత్రం ఆగలేదు. తరిమింది వెలుగే అయితే, వెనక్కి తోలగలిగిందీ వెలుగే కదా! షలబీ గూటికి అటువైపు వెలుగు తెర వేస్తే పక్షులు ఇటు దిస్సూకీ గూటికి మళ్ళుతాయి. తెర వెడల్పుగా రావాలంటే తీగలు మళ్ళీ పాత చోట పెట్టాలి. హడావిడిగా పెట్టాడు. పెట్టాడు కానీ, ఒక జత తీగలు తలకిందులయ్యాయి.

మీట నొక్కి తెరను కుడికి జరిపాడు. అది ఎడమకు పోయింది. కంగారుపడి ఎడమకు జరిపాడు. కుడికి పోయింది. షలబీ గూటి మీదున్న పావురాలు, గూటిలో ఉన్న అతని సొంత పావురాలు, అన్నీ ఒక్కసారి పైకి లేచాయి. ఎటు తిరిగినా ఆకుపచ్చ తెరే. ఆ ఆకాశం కింద వెలుగు పడని చోటు ఒక్కటే ఉంది. అది పెట్టె వెనకాల ఉన్న బయూమీ డాబా.

తాడు మీద, దుప్పటి మీద, డిష్ మీద, నీళ్ళ తొట్టి మీద, బయూమీ భుజాల మీద ఎనభైకి తక్కువ కాకుండా పావురాలు మంచు కురిసినట్టు మెత్తగా వాలాయి. అతను పెట్టె ఆపి కదలకుండా నిలబడ్డాడు.

కాసేపట్లో మెట్ల మీద రెండు జతల బూట్లు పోటీపడ్డాయి. దిస్సూకీ, షలబీ ఒకరినొకరు తోసుకుంటూ వచ్చిపడ్డారు. డాబా చూసి ఇద్దరూ పక్షుల్ని లెక్కపెట్టడం మొదలెట్టారు.

"మీవే కదా మాలిమ్, తీసుకెళ్ళిపోండి," అన్నాడు బయూమీ.

"ఏంటీ? నాకు బిచ్చమేస్తున్నావా?" దిస్సూకీ అరిచాడు.

"చూశావా, పట్టుకున్నవాడు మనమీద జాలి చూపిస్తున్నాడు!" అన్నాడు షలబీ. పదిహేనేళ్ళలో అతను 'మన' అనడం అదే మొదలు.

దిస్సూకీ బయూమీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "ఈల లేదు, పక్షుల్ని పిలిచే జెండా లేదు. రెండు మందలు ఒక్క దెబ్బకి! ఇంతటి విద్య దాచుకుని తీగలు గీకుతూ కూర్చున్నావా? అయినా బావగారి ఇంట్లో ఉన్న పక్షి మనింట్లో ఉన్నట్టే. ఏం బావగారూ?"

"ఆగవయ్యా, తొందరెందుకు?" షలబీ మధ్యలో దూరాడు. "బయూమీ తమ్ముడూ, మా మేనకోడలుంది. బంగారం. వంట చేస్తే వేళ్ళు కొరుక్కుంటావ్."

"నా చెల్లెల్ని ముందు అడిగాడు!"

"నువ్వు రెండుసార్లు ఎగ్గొట్టావ్!"

అప్పుడు వచ్చింది అవాతిఫ్, మెట్ల చివర, ఆయాసపడుతూ. పక్షుల్ని చూసింది. జడలో మల్లెలు తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"ఉస్తా బయూమీ, నేను మీకెందుకు ఒప్పుకున్నానో తెలుసా?" అందామె. "ఈ వీధి మొత్తంలో పక్షి లేని డాబా ఇదొక్కటే. నలభై ఏళ్ళు మా అన్నయ్య పావురాల రెట్ట ఊడ్చాను. ఇక్కడికొచ్చి కూడా అదే ఊడవాలా? అన్నయ్యా, టాంటా ఆయన్నే రమ్మను. ఆయనకి బట్టలే ఉన్నాయట."

"ఒసేయ్, ఈయన గొప్ప వేటగాడే..." దిస్సూకీ మొదలెట్టాడు.

"కాదు!" బయూమీ నోటంట మాట దూకేసింది. "నేను పట్టలేదు. ఒక్క ఈల వెయ్యడం కూడా రాదు నాకు. మీకోసం మల్లెపూవు గీద్దామనుకున్నా. తీగలు తారుమారయ్యాయి. అంతా ఈ పెట్టె చేసింది."

దిస్సూకీ మెడ నెమ్మదిగా ఎర్రబారింది. "అంటే... నా మందని చెదరగొట్టింది..."

అవాతిఫ్ అన్నయ్య వైపు చూడనే లేదు. పెట్టె దగ్గర కూర్చుంది. "ఇది వెలిగితే ఇవన్నీ పోతాయా?"

"పోతాయి."

"ఎక్కడికి?"

"వాటిష్టం."

"పూవు నిలబడి ఉండాలంటే తీగలెలా పెట్టాలి?"

బయూమీ పెట్టి చూపించాడు. పెట్టెను డాబా మీదికి తిప్పి మీట నొక్కింది అవాతిఫే.

ఆకుపచ్చ మల్లె మళ్ళీ పూసింది. ఎనభై పక్షులు దాని రేకుల్లోంచి ఎగిరాయి. క్షణకాలం రెక్కలన్నీ ఆకుపచ్చ, ఆకాశమంతా ఆకుపచ్చ, అవాతిఫ్ ముఖం ఆకుపచ్చ. నలభై ఏళ్ళుగా పావురాలను తిట్టుకున్న మనిషి, తలెత్తి, వాటినే కళ్ళార్పకుండా చూసింది. తర్వాత పక్షులు చీకటిపడే వేళ పక్షులు చేసే పనే చేశాయి. ఏవో రెండు మూడు తప్ప, ఏ గూటివి ఆ గూటికి పోయాయి.

మాలిములిద్దరూ మెట్ల మీద పడి పరుగెత్తారు. నమాజు పిలుపు వినబడుతుండగా దిస్సూకీ ఒక్కడే తిరిగొచ్చాడు, చంకలో నీలిమచ్చల పావురంతో.

"షలబీది! నా గూటికే వచ్చి వాలింది! పదిహేనేళ్ళకి!" కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "బావా, నమాజు కాగానే ఫాతిహా చదివేద్దాం. టాంటావాడు టాంటాలోనే ఉంటాడు."

వీధికి అవతల షలబీ కూడా రెండు చేతుల్లో రెండు దిస్సూకీ పావురాలు పట్టుకుని గంతులేస్తున్నాడు. బయూమీ ఆ సంగతి దిస్సూకీకి చెప్పబోయాడు. అవాతిఫ్ కళ్ళతోనే వారించింది. "ముందు ఫాతిహా కానివ్వండి," అంది మెల్లగా.

పెళ్ళి నెలలోపే ఘనంగా జరిగింది. లేజర్ మాత్రం వెలగలేదు, బావగారి పావురాలు పడుకునే వేళట.