తక్కువ తూగిన పన్నెండు దేశాలు

ఆ ఆదివారం ఉదయానికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కాఫీ. ఎనిమిదిన్నరకు నాణేల తూకం. పదకొండింటికి మ్యూజియం మేడమ్ వచ్చి, పన్నెండు బంగారు నాణేలూ చూసుకుని, రసీదు రాసిచ్చి పట్టుకెళుతుంది. వచ్చే నెల నుంచి అవి మ్యూజియంలో గాజుపెట్టెలో ఉంటాయి. పెట్టె కింద ఇత్తడి పలక మీద ఆయన పేరుంటుంది. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన పేరు జరిమానా నోటీసుల మీద తప్ప ఎక్కడా కనబడలేదు.

బజారులో ఆయన్ని కాటా అంటారు. ఎదురుగా ఉంటే కాటాగారు అంటారు. ఆయన వీధి మలుపు తిరిగితే చాలు, దుకాణదారుల బొటనవేళ్లు తక్కెడ మీద నుంచి వాటంతటవే లేచిపోతాయి. ఎవరినీ నమ్మడు. సబ్బు కొన్నా ఇంటికి తెచ్చి తూస్తాడు. పెళ్లికి ముందు మామగారు చెప్పిన అమ్మాయి ఎత్తును కూడా టేపు పెట్టి సరిచూసుకున్నాడని బావమరిది అంటాడు. భార్య కాదనదు.

అలాంటి మనిషికి ఒకే ఒక్క పిచ్చి, పాతకాలపు బంగారు నాణేలు. రెండేళ్లకొక దేశం చొప్పున కూడబెట్టాడు. స్కూటరు కొనాల్సిన ఏడు వెనిస్ వచ్చింది. ఫ్రిజ్ పాడైన ఏడు ఈజిప్టు వచ్చింది. నెలకొకసారి బీరువా తెరిచి అన్నిటినీ తూస్తాడు. నాణెం మీద ఉన్న రాజులు పోయి వందల ఏళ్లయింది కాబట్టి వాళ్ల మీద అనుమానం లేదు. అనుమానమంతా బతికున్నవాళ్ల మీదే.

త్రాసు ఉన్న గాజుగూడు తలుపు తీశాడు. లోపల ఇత్తడి రాళ్లు ధగధగ మెరుస్తున్నాయి.

"ఇవెవరు తోమారు?"

"మ్యూజియం ఆవిడ వస్తుందిగా, మురికిగా ఉంటే ఏం బాగుంటుంది?" అంది భార్య వంటింట్లోంచి.

"నాణేలు ముట్టుకోలేదు కదా?"

"మీ రాజుల జోలికి నేనెందుకెళతాను."

ముందుగా ఇంగ్లండు. గుర్రమెక్కి డ్రాగన్‌ను పొడుస్తున్న వీరుణ్ణి పట్టకారుతో అంచులు పట్టుకుని ఒక పళ్లెంలో పెట్టాడు. రెండో పళ్లెంలో ఎనిమిది గ్రాములకు రవ్వంత తక్కువగా రాళ్లు వేశాడు. ఏ నెలకానెల ముల్లు బుద్ధిగా మధ్యలో నిలబడేది. ఇవాళ రాళ్ల పళ్లెం ఠక్కున కిందికి దిగింది. వీరుడు గుర్రంతో సహా గాల్లోకి లేచాడు.

ఇన్‌స్పెక్టరు ఫ్యాను ఆపాడు. కిటికీలు మూశాడు. ఊపిరి బిగబట్టాడు. వీరుడు దిగలేదు. రాళ్లు ఒక్కొక్కటే తీస్తూపోతే ఏడు గ్రాముల పైచిలుకు దగ్గర దిగాడు. పదోవంతు మాయం. ఫ్రాన్సు కోడిపుంజును పెట్టాడు. అదీ పదోవంతు తక్కువ. తొమ్మిది కొట్టేసరికి పన్నెండు దేశాలూ తలా పదోవంతు పోగొట్టుకుని బల్ల మీద వరసగా పడుకున్నాయి.

ఇన్‌స్పెక్టరు బుర్ర వెంటనే పనిచేసింది. అదే వచ్చిన చిక్కు.

నాణేల మీద బొమ్మలు చెక్కుచెదరలేదు. అంటే ఎవరో అంచులు గీకి బంగారం పొడి దాచుకుంటున్నారు. దొంగ ఓపిక గలవాడు. ఏ దేశం మీదా పక్షపాతం లేనివాడు, అన్నిటినీ సమానంగా గీకాడు. అంటే తూకం తెలిసినవాడు. బీరువా దగ్గర మసలేవాడు. చేతిలో ఆకురాయి ఉన్నవాడు. ఇన్‌స్పెక్టరు మెల్లగా హాల్లోకి తొంగిచూశాడు. సోఫాలో బావమరిది పేపరు చదువుకుంటున్నాడు. అతనిది కాటాల రిపేరు షాపు. షాపుకు రంగులు వేయిస్తున్నాడని పది రోజులుగా అక్కగారింట్లోనే ఉంటున్నాడు. కాళ్ల దగ్గర పనిముట్ల సంచీ ఉంది. అందులోంచి ఆకురాయి తల బయటికి పెట్టి చూస్తోంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి తూనికల శాఖలో అనుభవం లేదనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. వెళ్లి వీధి తలుపుకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు.

"ఎవరూ కదలడానికి వీల్లేదు. నా బంగారం పోయింది."

"నేను పేపరు కోసం వచ్చాను బాబూ," అంది తాళం పడేముందే లోపలికొచ్చి కూర్చున్న పక్కింటి పిన్నిగారు.

"అందరూ దేనికో దానికి వచ్చినవాళ్లే పిన్నిగారూ." బావమరిది వైపు తిరిగాడు. "ఆ ఆకురాయి ఎందుకురా?"

"లేకపోతే కాటాలెలా బాగుచేస్తాను బావా? బతిమాలుకుంటే బాగవుతాయా?"

ఇన్‌స్పెక్టరు ఆకురాయి తీసి తెల్లకాగితం మీద దులిపాడు. పసుపుపచ్చని పొడి రాలింది.

"ఇదేంటి?"

"ఇత్తడి."

"ఇత్తడని ఎవరు చెప్పారు?"

"నేనే చెబుతున్నాగా."

"అదే కదా నా బాధ."

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క తమ్ముడి వైపు చూసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టున్న ఆ చూపులు ఇన్‌స్పెక్టరు కంటపడ్డాయి. వాటి వెనకే గుసగుస చెవిన పడింది.

"చెప్పేయనా అక్కా?"

"ఆ మేడమ్ వచ్చి వెళ్లేదాకా నోరు మెదపకు."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడు దొంగలు ఇద్దరు. అందులో ఒకరు తన ఇల్లాలు. ఇంకో గంటన్నరలో మ్యూజియం వస్తుంది. గీకేసిన నాణేల కింద ఎవరి పేరు పెడతారు?

ఈలోగా పిన్నిగారు కిటికీ దగ్గర నిలబడి మొగుడికి ఫోను చేసింది. "ఇన్‌స్పెక్టరుగారింట్లో బంగారమేదో పోయిందట. నన్ను రానివ్వడం లేదు." ఆ మొగుడు గేటు దగ్గర ఇద్దరికి చెప్పాడు. వాళ్లు బజారులో నలుగురికి చెప్పారు. బంగారం పోయిందన్న మాట నాలుగు నోళ్లు మారేసరికి బంగారం దొరికిందన్న మాటయింది. ఇన్‌స్పెక్టరింట్లో దొరికిందంటే సోదా జరిగే ఉంటుంది. పావుగంటలో బజారు దుకాణదారులంతా షట్టర్లు సగానికి దించి, ఇన్‌స్పెక్టరింటి ముందు హాజరయ్యారు. ఎవరి ముఖంలోనూ విచారం లేదు.

"నాలుగు కిలోలట," అంటున్నాడు కిరాణా కొట్టాయన. "తూచింది ఎవరో మరి."

ఇన్‌స్పెక్టరు పరదా లాగేశాడు. ఈ లోకంలో తను నమ్మే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆయనకే ఫోను చేశాడు.

పన్నెండు నాణేలూ అమ్మిన వ్యాపారి ఆయన. నోరు తెరిస్తే ఫలానా శతాబ్దం అంటాడు కాబట్టి అందరూ శతాబ్దం అనే పిలుస్తారు. తోలుసంచీతో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఆయన్ని లోపలికి రానిచ్చి మళ్లీ తాళం వేశాడు.

"పదహారో శతాబ్దంలో నాణెం గీకినవాడి చెయ్యి నరికేవారు సార్," అంటూ శతాబ్దం సోఫాలో కూర్చున్నాడు. త్రాసు వైపు చూశాడు. మెరిసే రాళ్ల వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

"ఏమంటారు?"

"అనడానికేముంది, గీకేశారు. ఇంటి మనిషి పనే. మ్యూజియం వాళ్ల కంటపడితే మీ పరువు పోతుంది సార్. అన్నీ నా సంచీలో వేయండి. అంచులు కట్టించి రెండు రోజుల్లో తెస్తాను."

ఇన్‌స్పెక్టరుకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కొక్క దేశాన్నీ సంచీలోకి జారవిడవసాగాడు.

"బావా, ఆయనకివ్వకండి," అన్నాడు బావమరిది.

"నువ్వు మాట్లాడకు. ఈ సాయంత్రం నుంచి నీ పడక నీ షాపులోనే, రంగులు ఆరినా ఆరకపోయినా."

"వాడు వెళితే నేనూ వెళతాను," అంది భార్య. గొంతు పెంచలేదు. అందుకే ఇన్‌స్పెక్టరు చెయ్యి పదకొండో నాణెం దగ్గర ఆగిపోయింది. అప్పుడే తలుపు చప్పుడైంది.

మ్యూజియం మేడమ్ లోపలికొచ్చింది. తాళం మళ్లీ పడింది.

"బయట సోదా అంటున్నారు. కావాలంటే ఇంకో రోజు వస్తాను."

"సోదా కాదు మేడమ్, దొంగతనం. అంచులు గీకేసి ప్రతి నాణెంలో పదోవంతు కాజేశారు. దొంగలు కూడా ఇక్కడే ఉన్నారు, చూడండి." ఇన్‌స్పెక్టరు వేలు పెట్టి చూపించాడు. భార్య మంచినీళ్ల గ్లాసు తెచ్చి మేడమ్‌కిచ్చింది.

ఆవిడ బల్ల మీద మిగిలిన ఒక నాణేన్ని భూతద్దం కింద చాలాసేపు తిప్పి చూసింది. "దీని అంచు ఎవరూ గీకలేదండీ. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. మీ తూకపు రాళ్లు సరైనవేనా?"

ఇరవై నాలుగేళ్లలో ఆయన్ని ఆ ప్రశ్న అడిగినవారు లేరు. "మేడమ్, ఆ ప్రశ్న ఊరందరినీ అడిగేవాణ్ణి నేను," అంటూ పెద్ద రాయి తీసి, బోర్లించి ఆవిడ ముందు పెట్టాడు. పెట్టినవాడు తనూ చూశాడు.

రాయి అడుగున ప్రభుత్వ ముద్ర ఉంది. ఈ ఏటిది. పక్కన ఇన్‌స్పెక్టరు గుర్తు ఉంది. తనదే. ఇంట్లో రాళ్లకు తను ఎన్నడూ ముద్ర వేయలేదు. తనను తాను తనిఖీ చేసుకోవాలని ఎన్నడూ తోచలేదు.

"అవి నా రాళ్లు బావా," అన్నాడు బావమరిది. "పోయిన నెల మూడుసార్లు తిప్పించుకుని మీరే ముద్ర వేశారు. మీ రాళ్లు తోమిపెట్టమని అక్క నాకిచ్చింది. తోముతుంటే ఒకదాని అడుగు ఊడొచ్చింది. లోపలంతా డొల్ల. మిగతావీ అంతే. అందరికీ నోటీసులిచ్చే బావ బీరువాలో దొంగరాళ్లు. తెలిసి ఉంచుకున్నారంటే పరువు పోతుంది. తెలియక ఉంచుకున్నారంటే ఇంకా పోతుంది. అందుకే చప్పుడు చెయ్యకుండా నావి పెట్టేశాను."

"అంటే నన్నే అనుమానించావా?"

"మీ దగ్గర నేర్చుకున్నదే బావా."

అతను సంచీ అడుగు నుంచి పాత రాళ్ల మూట తీసి బల్ల మీద పెట్టాడు. మేడమ్ ఒకటి చేతిలో ఎగరేసి చూసింది. "రాళ్లు తేలిక కాబట్టి ఇన్నాళ్లూ తేలిక నాణేలు సరిగ్గా తూగాయి. ఇవి మీకెక్కడివి?"

ఇన్‌స్పెక్టరు మూటలోంచి ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాడు. "మొదటి నాణెం కొన్నప్పుడు... త్రాసూ రాళ్లూ ఆయనే ఉచితంగా ఇచ్చాడు."

అందరూ సోఫా వైపు చూశారు. సోఫా ఖాళీగా ఉంది. శతాబ్దం తోలుసంచీ చంకలో పెట్టుకుని వీధి తలుపు గడియను అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"తాళం గట్టిది సార్," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పందొమ్మిదో శతాబ్దపు పనితనం."

పోలీసులొచ్చేదాకా బావమరిది ఆయన పక్కనే కూర్చున్నాడు. పిన్నిగారు పేపరు పూర్తిగా చదివేసింది.

"పెళ్లైనప్పటి నుంచీ ఒక్క మనిషిని నమ్మారు," అంది భార్య. "వెతికి వెతికి ఆయన్నే నమ్మారా?"

ఇన్‌స్పెక్టరు వెళ్లి బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పడక ఇక్కడే ఉండనీరా. రంగుల వాసన మంచిది కాదు." తర్వాత మేడమ్ వైపు తిరిగాడు. "మిమ్మల్ని అనవసరంగా పిలిచాను. ఆ పలక సంగతి ఇక మర్చిపోండి."

మేడమ్ మర్చిపోయేలా లేదు. సంచీలోని నాణేలన్నీ బల్ల మీద పరిచి, భూతద్దంతో ఒకదాని మీద నుంచి ఒకదాని మీదికి గెంతుతోంది. "ఈ గుర్రం మెడ మీదున్న గీతే వెనిస్ సాధువు గడ్డంలోనూ ఉంది, చూడండి. కోడిపుంజు కాలి మీదా ఉంది. దేశాలు వేరు, శతాబ్దాలు వేరు, పనివాడు ఒక్కడే. బంగారంలో బాగా కల్తీ ఉంది. అద్భుతం."

"అద్భుతమా?"

"అసలు నాణేలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయండీ. ఎవరూ ఆగి చూడరు. నకిలీవి ఇలా వరసగా, దొంగరాళ్లతో సహా, ఇరవై నాలుగేళ్లు భద్రంగా దాచినవి ఎక్కడ దొరుకుతాయి? కేసు అయిపోగానే గాజుపెట్టె మీకే. పలకా మీదే."

"మేడమ్, దయచేసి పేరు వద్దు," అన్నాడు, పొద్దున ఆ పేరు కోసమే లేచిన మనిషి.

"పోనీ పేరు తీసేస్తాను. ఉద్యోగం మాత్రం రాయాలి. లేకపోతే జనం నమ్మరు."

"పేరు కూడా రాయించండి మేడమ్," అంది భార్య. "ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నారు."

గాజుపెట్టె తెరిచాక మ్యూజియానికి జనం పెరిగారు. బజారు దుకాణదారులైతే కుటుంబాలతో సహా వచ్చి, పలకను పిల్లల చేత బిగ్గరగా చదివిస్తున్నారు.