ఒక ఆకుకు రెండు చీటీలు

సోమశిల నీళ్ళలో చేపను పట్టడానికి వల చాలు. పట్టిన చేపను పదిమంది కూర్చుని తినడానికి మాత్రం కమిటీ కావాలి. ఈ సత్యం ఆత్మకూరు దగ్గర ముంపువాసుల కాలనీలో అందరికన్నా ఆలస్యంగా తెలిసింది రెబెకమ్మకు. తెలిసేసరికి ఆమె చెల్లెలి సంచి సర్దుతోంది.

రెండు చీరలు, బైబిలు పెట్టింది. మళ్ళీ ఒక చీర తీసి తన పెట్టెలో దాచింది.

"అదెందుకు తీస్తివక్కా?"

"ఇక్కడే ఉండనీ. దానికోసమన్నా వస్తావు."

"రేపు విందుకే వస్తా గదా. నీకన్నీ భయాలే," అని సుకుమారి నవ్వింది.

బస్సెక్కినవాళ్ళంతా అట్లాగే నవ్వి పోయారని రెబెకమ్మ అనుకుంది. సంచి మూతి బిగించింది.

ఊరు మునగకముందు ఒక ఆనవాయితీ ఉండేది. పెన్నకు కొత్తనీళ్ళు వచ్చాక పట్టిన తొలి చేప తలకాయను ఆ ఇంటి అక్కచెల్లెళ్ళు ఒకే ఆకులో పంచుకుని తినాలి. ఊరు పోయినా కాలనీ వాళ్ళు దాన్ని విందుగా నిలబెట్టుకున్నారు. కలువాయి పక్క కాలనీకి చేరిన సుకుమారి ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఆ తలకాయ కోసం వచ్చింది.

అయితే, పోయినేడు వరదయ్య అనే ఆయన మూడు కాలనీల్లో మూడు విందులు తిన్నాడు. (మూడోచోట పులుసులో ఉప్పు తక్కువని వంక కూడా పెట్టాడు.) దాంతో కమిటీ అధ్యక్షుడు, రిటైరైన హెడ్మాస్టరు జయపాల్ గారు పదకొండో నిబంధన తెచ్చారు: బయటి కాలనీ మనిషి తమ కాలనీలో తినలేదని సర్టిఫికెట్ తేవాలి. తెస్తేనే ఆకు చీటీ.

"మేమిద్దరం ఒకే ఆకులో తింటాం సారూ, ఇంకో ఆకు అడగను," అంది రెబెకమ్మ.

"ఆకు ఒకటే పెద్దమ్మా. నోళ్ళు రెండు గదా. చీటీ నోటికి ఇస్తాం."

ఆ సర్టిఫికెట్ కోసమే సుకుమారి బస్సెక్కింది. ఆదివారం పొద్దున తొలి బస్సు కండక్టరు చేత కాగితం మాత్రం వచ్చింది. అక్కడి కమిటీ మర్యాదగానే రాసింది: మా విందు వచ్చే ఆదివారం, జరగని విందులో తినలేదని రాసివ్వడం సత్యదూరమవుతుంది.

జయపాల్ గారు రెండుసార్లు చదివి మెచ్చుకున్నారు. "పద్ధతైన మనుషులు," అన్నారు. ఆరాధన అయ్యాక బంతి సాగింది. బొచ్చె తలకాయ రెబెకమ్మ ఆకులో సగమే పడింది. మిగతా సగాన్ని పెండింగు కింద గిన్నెలో మూతపెట్టి, రెండోరోజు తీర్మానం చేసి పిల్లికి వేశారు.

మరుసటి ఆదివారం కలువాయి పక్క విందులో సుకుమారిని బంతికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టారు. (ఇంట్లో ఉంటే చాటున తినవచ్చు, కాబట్టి తినకపోవడం కళ్ళెదుట జరగాలి.) ఇద్దరు సాక్షులు తింటూ ఆమె తినకపోవడాన్ని గమనించారు. సోమవారం సర్టిఫికెట్ వచ్చింది. జయపాల్ గారే ఇంటికి తెచ్చారు.

"మంజూరైంది పెద్దమ్మా. ఏడాది చెల్లుతుంది. వచ్చే విందుకు అడ్డేమీ లేదు."

సర్టిఫికెట్ ఏడాది చెల్లింది. సుకుమారి తొమ్మిది రోజులే బతికింది. గుండెనొప్పి అన్నారు.

తర్వాతి ఏడు విందులో రెబెకమ్మ తన ఆకులో ఒక పక్క చోటు వదిలింది. దాచిన చీర ఒళ్ళో పెట్టుకుంది. జయపాల్ గారు జాబితా చదువుతూ సుకుమారి పేరు దగ్గర ఆగారు. కలం మూత పెట్టబోయారు. కానీ గడి ఖాళీగా ఉంచకూడదు.

"గైర్హాజరుకు కారణం రాయాల పెద్దమ్మా," అని మెల్లగా పుస్తకం జరిపారు.

రెబెకమ్మ బడికి పోలేదు. బైబిలు పెట్టుకుని తనకు తానే అక్షరాలు నేర్చుకుంది. వేలితో గడి కొలుచుకుని, దాటకుండా రాసింది:

"సుకుమారి. 1994 నవంబరు 19, శనివారం, పదకొండున్నర బస్సుకు పోయింది. మళ్ళీ రాలేదు."