దిగని విమానం

ఒక పెద్ద అడవిలో, అంటే కమిటీ వేయకుండా ఆకు కూడా రాలనంత పెద్ద అడవిలో, ఏటా వానలకు ముందు విమానాల పండుగ జరిగేది.

నిజం విమానాలు కావులెండి. వెదురు పుల్లలతో, ఎండుటాకులతో చేసిన బొమ్మలు. అడవి అంచున రబ్బరు తోట ఉంది కనుక ఒక్కోదానికీ ఒక రబ్బరు పట్టీ. పట్టీని మెలితిప్పి వదిలితే పంకా గిర్రున తిరిగి విమానం లేస్తుంది. ఎక్కువసేపు గాల్లో ఉన్నది గెలిచినట్టు. పుట్టుకతోనే ప్రాక్టీసు ఉందని పక్షులకు పోటీలో ప్రవేశం లేదు. వడ్రంగిపిట్ట సన్యాసి మాత్రం గడియారంగా పనిచేసేవాడు. విమానం లేచింది మొదలు దిగేదాకా చెట్టు మీద టకటక కొడుతూ దెబ్బలు లెక్కపెట్టడం వాడి ఉద్యోగం.

ఈ ఏటి బహుమతి ఇప్పచెట్టు తొర్ర.

మొన్నటి గాలికి ఉడుత నూకాలు గూడు కొమ్మతో సహా విరిగిపడింది. కళ్ళు తెరవని నలుగురు పిల్లలూ పొద కింద ఉన్నారు. పైన చూస్తే మబ్బు. వాన పడితే పిల్లలు ఏమైపోతారోనని నూకాలుకి తిండి సయించడం లేదు. నాలుగు రోజులు కూర్చుని పుల్లలు గీకి, రెక్కలు అతికి, విమానం తయారుచేసుకుంది.

ఆ తొర్ర మీద చిరుత బంగార్రాజుకీ కన్నుంది. తోక కూడా పట్టని తొర్ర ఆయనకెందుకయ్యా అంటే, క్యాంపాఫీసుకట!

సంగతి చెవిన పడగానే కమిటీ కార్యదర్శి నక్క అప్పలస్వామి రూల్సు తిరగరాశాడు. రెండు వందల దెబ్బలకు లెక్క ఆపేయాలన్న పాత రూలు కొట్టేసి, విమానం నేలను తాకేదాకా లెక్క సాగాలన్నాడు. లెక్క తేలినవాళ్ళలో ముందున్నవారికి తొర్ర అప్పటికప్పుడే అప్పగించాలని, తుది ఫలితం తర్వాత ప్రకటించుకోవచ్చని ఇంకోటి చేర్చాడు. ఎవరూ నోరెత్తకముందే చిరుతగారు గృహప్రవేశం చేసేయాలి కదా!

అధ్యక్షుడు ఏనుగు భద్రయ్య కాలి ముద్ర వేశాడు. ఆయన చదివి ముద్ర వేసిన కాయితం ఆ అడవిలో ఇంకా పుట్టలేదు.

తర్వాత నక్క గద్ద పైడమ్మ దగ్గరికి వెళ్ళాడు. "పిన్నీ, చిరుతగారి విమానం చెట్లు దాటగానే కాళ్ళతో పట్టుకుని మబ్బుచాటున ఉండు. వెయ్యి దెబ్బలయ్యాక వదిలెయ్. నిన్ను స్టేజీ ఎక్కించి దండ వేయిస్తాను."

"చామంతి దండేనా?" అంది పైడమ్మ.

పండుగ రోజు రానే వచ్చింది. డప్పులు, తోరణాలు, ఒక మూల ఎలుగుబంటి బొండాల పొయ్యి. నూకాలు వరసలో నిలబడబోతే నక్క కసిరాడు. "నీకిక్కడ చోటు లేదు. ఆ పొయ్యి వెనక్కి పో."

"పొగ బాబూ అక్కడ!"

"పొగైతే దగ్గు. ఫో!"

మొదట చిరుత విమానం లేచింది. చెట్లు దాటింది. మరి కనపడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అది దిగేలోగా మిగతావాళ్ళూ కానివ్వండి. లేచినప్పటి దెబ్బకీ దిగినప్పటి దెబ్బకీ తేడా రాసుకుందాం," అన్నాడు నక్క హుషారుగా. కోతి అతిగా మెలితిప్పితే పట్టీ తెగి ముక్కు మీద ఫట్టుమంది. కుందేలుది ముప్ఫై దెబ్బలకే కూలింది.

నూకాలు పట్టీకి ఆముదం రాసింది, తెగకుండా. మెల్లగా మెలితిప్పుతూ పొయ్యి కేసి చూసింది. పొగ నిటారుగా పైకి లేస్తోంది. 'పొగని మోసే గాలి నా ఆకుముక్కని మొయ్యదా ఏం?' అనుకుని సరిగ్గా ఆ పొగలోకి వదిలింది.

విమానం గిరికీలు కొడుతూ లేచింది, లేచింది, పంకా ఆగిపోయినా వేడిగాలి మీద తేలింది! నూట పన్నెండో దెబ్బకి దిగింది. అడవంతా ఈలలు వేసింది.

నక్క నవ్వుకున్నాడు. వెయ్యి దెబ్బలయ్యాయి. రెండు వేలయ్యాయి. చిరుత విమానం జాడలేదు. నవ్వు ఆగిపోయింది. నెమ్మదిగా జారుకుని గద్ద గూటికింద నిలబడ్డాడు.

"పిన్నీ! విమానమేదీ?"

"ఇదిగో, నా కిందే. గూట్లో ఎంత బాగా అమరిందో! రెండు గుడ్లు కూడా పెట్టాను."

"కొంప ముంచావే తల్లీ! కింద పడెయ్!"

"గుడ్ల మీదున్నదాన్ని కదిపావంటే కళ్ళు పీకుతాను," అంది పైడమ్మ.

నక్క కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు. విమానం ఎక్కడుందో వాడికి తెలుసు, కానీ చెబితే నీకెలా తెలుసంటారు. అప్పుడే చినుకులు మొదలయ్యాయి.

"నలుగురు పసివాళ్ళు బాబూ, ఏదో ఒకటి తేల్చండి!" అని నూకాలు ఏడ్చేసింది.

భద్రయ్య మొదటిసారి రూల్సు ఆకు చదివించుకుని విన్నాడు. "లెక్క తేలినవాళ్ళలో ముందున్నది నూకాలమ్మ. తొర్ర ఆమెకి అప్పగించండి. చిరుతగారి విమానం ఇంకా నేలను తాకలేదు కనుక తుది ఫలితం తర్వాత."

"అంతవరకూ?" అన్నాడు చిరుత.

"అంతవరకూ కార్యదర్శి మైదానం వదలకూడదు. రూల్సు తనవే కదా!"

నూకాలు ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని తొర్రలోకి చేర్చింది. బయట కుండపోత. లోపల వెచ్చగా ఉంది.

ఆ పిల్లలిప్పుడు పెద్దవాళ్ళయ్యారు. తుది ఫలితం ఇంకా రాలేదు. సన్యాసి ఇప్పటికీ చెట్టు మీద టకటకమని కొడుతూనే ఉన్నాడు, కింద నక్క తడిసి ముద్దై ఆకాశంలోకి చూస్తూనే ఉన్నాడు.

నీతి: బీదవాళ్ళకు న్యాయం జరగాలంటే రూల్సు రాసేవాడు మంచివాడు కానక్కర్లేదు, తొందరపాటు మనిషైతే చాలు.