బొంపాని మాయెస్త్రో వరుస జయించిన వైనం

మూడో అంతస్తు ఫెర్నాండా గుడ్లమ్మే ఆమెతో అన్నదట. గుడ్లామె ఆ మాట కాపలావాడి పెళ్లాం చెవిన వేసిందట. ఆ చెవిలో పడ్డాక గర్బతెల్లా పేటకు వేరే టముకు అక్కర్లేకపోయింది. "బొంపాని మళ్లీ సినిమా తీస్తున్నాడంట. నేనైతే ఆ మనిషిని ఎప్పుడో పాతిపెట్టేశారనుకున్నా. ఇంకా మెట్లెక్కుతున్నాడా?"

అట్టి వార్త పెరటి దండెముల మీది తడి దుప్పట్ల నడుమ గంతులిడుచుండగా, జూలై మాసాంతమున, ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమై రోమా మహానగరము రొట్టెల పొయ్యివలె కణకణలాడు వేళ, ఊరినిండ ఏడు కొండలున్నను ఒక్క కొండ మీదనైనను తనకు దండము పెట్టు భక్తుడొక్కడును మిగలని మహానుభావుడు, అట్టముక్కల కార్తేజ్ పట్టణ దహన ధురంధరుడు, నూనె పూసిన కండల వీరుల కన్నతండ్రి, పేటవారు మాయెస్త్రో, అనగా గురువుగారు, అని పిలుచు శ్రీమాన్ ఎవరిస్తో బొంపాని, తెల్లని నారకోటు తొడిగి, ఉక్కలో సైతము మెడకు పట్టు రుమాలు బిగించి, డాక్టర్ సెవెరీని వైద్యశాల మీదికి దండయాత్ర వెడలెను.

కారణము వినుడు. పాండవులకు అజ్ఞాతవాసము ఒక్క ఏడే. ఈతనికి పంతొమ్మిదేండ్లు నడిచినది. అన్నేండ్లకు ఒక నిర్మాత పిలిచి పని ఇచ్చెదననెను. అయితే దర్శకుడు పని నడుమ చచ్చి నష్టపెట్టడని వైద్యుడు సంతకము చేసిన కాగితము లేనిదే బీమావారు ఒప్పుకొనరు. అది సాయంత్రములోగా చేరనిచో ఆ పని వేరొక కుర్రవానికి. డాక్టరో, పన్నెండు కొట్టగానే తలుపునకు తాళము వేసి నెల్లాళ్లు సముద్రపు ఒడ్డున బోర్లపడుకొన బోవువాడు.

ఆ వైద్యశాలలో చీటీలు లేవు, అంకెలు లేవు, పిలుచు బంట్రోతు లేడు. గడప దాటినవాడు నిలుచుండి "చివరెవరు?" అని అడుగవలెను. ఎవరో ఒకరు "నేను" అందురు. వాని వెనుక నీ స్థానము. ధర్మశాస్త్రమంతయు ఇంతే. మంత్రి వచ్చినను బిషప్పు వచ్చినను ఈ మంత్రము తప్పదు. అడుగనివాడు కుర్చీ నిండ కూర్చున్నను గోడకు కొట్టిన మేకుతో సమానము.

బొంపాని అడుగలేదు. ముందున్నవానిని మోచేత తోయుటయే కాని, చివరివాడెవడని విచారించుట ఆ వంశమున లేదు. కిటికీ ప్రక్క కుర్చీలో, సింహాసనమున పట్టాభిషిక్తునివలె కూర్చుండి, కాలు మీద కాలు వేసెను.

అంతట రొట్టెల దుకాణపు ఒరెస్తే వచ్చెను, అడిగెను, కూర్చుండెను. అతని వెనుక కుళాయిలు బాగుచేయు నజ్జరేనో వచ్చెను, అడిగెను, కూర్చుండెను. ముందున్నవారందరు వెడలి, లోపలి తలుపు తెరువబడి, ఒరెస్తే లేచునంతలో, మన వీరుడు భగ్గున లేచి, వైద్యుని తలుపునకు అడ్డముగా చేతులు చాచి, ఇట్లు గర్జించెను.

"ఆగుము రొట్టెలవాడా. ఎవరనుకొంటివి నన్ను? పిల్లకాలువ దాటిన రెండేనుగులను మహాసముద్రము దాటినట్లు చూపి లోకమును నమ్మించినవాడను. నా ఒక్క కేకకు మూడు వందల మంది సైనికులు పొద్దున రోమనులై చచ్చి, భోజనము చేసి, సాయంత్రము శత్రువులై మరల చచ్చినారు. అట్టి నాకన్న ముందు పోవుటకు నీకు కాళ్లెట్లు వచ్చినవి?"

ఒరెస్తే చెవి గోక్కున్నాడు. "అవన్నీ నిజమే మాయెస్త్రో. లోపలికొచ్చినప్పుడు అడిగారా?"

"ఏమని?"

"చివరెవరని."

"నేను నీకన్నా ముందొచ్చాను. నీ కళ్లతో చూశావు కదయ్యా."

"చూశాను. ఆ కుర్చీని కూడా చూశాను. అదీ నాకన్నా ముందే ఉంది." అని చంక కింద నుండి దూరి లోనికి పోయెను.

బొంపాని నజ్జరేనో వైపు తిరిగెను. నజ్జరేనో పత్రిక దించలేదు. "బయటికెళ్లి మళ్లీ రండి మాయెస్త్రో. మీ సినిమాల్లో ఒక్కో నడక పదిసార్లు నడిపించేవాళ్లంట కదా. మీకు ఒక్కసారేగా."

గోడ గడియారము పన్నెండుకు పావు తక్కువ చూపుచుండెను.

ఇక్కడ ఈ ధీరోదాత్తుని విద్య యెట్టిదో చెప్పక తప్పదు. ఆతడు శబ్దము లేకయే చిత్రించువాడు. నటులు పెదవులాడించిన చాలును. మహారాణి మరణశయ్యపై ఒకటి, రెండు, మూడు అని అంకెలు చదివెడిది. సేనాపతి యుద్ధారంభమున తాను తిన్న కూరల పేర్లు వల్లించెడివాడు. "మాటలు తర్వాత పెట్టుకుందాం" అనునది ఆతని గాయత్రి. పెండ్లిలో కూడ అదే చదివినాడని, అందుకే పెండ్లాము మాటలు వచ్చువరకు ఆగలేదని ఫెర్నాండా అనును. ఆ మాటలు పెట్టువారు వేరు. ఆతని రాణులు ఏడాదికొకతె మారినను, చీకటి గదిలో వారందరికి గొంతు పోసినది ఒక్కతె, ఆతని క్రింది వాటాలోని ఇనెస్. ఆమె పేరు తెర మీద వేయించవలెనని ఆ మేధావికి ఏనాడును తోచలేదు.

ఇప్పుడు తన మాట తానే పలుకవలసి వచ్చెను. వెడలెను. గడప బయట నిలిచి, రుమాలు సవరించి, ఊపిరి పీల్చి, మరల ప్రవేశించెను. పెదవులు కదలినవి. ధ్వని పుట్టలేదు.

"వినపడలేదు మాయెస్త్రో," అన్నాడు నజ్జరేనో. "తర్వాత పెడతారా?"

మరల వెడలెను. మరల వచ్చెను. గొంతులో నలుబది యేండ్ల అహంకారము చేపముల్లువలె అడ్డుపడగా, చెమట పట్టు రుమాలును తడుపగా, శ్రీమాన్ బొంపాని పలికెను.

"చివర... ఎవరు?"

"నేనే. ఏం కాలేదుగా? కూర్చోండి."

కూర్చుండెను. ఈ మారు కుర్చీ కాదు, మనిషి కూర్చున్నట్లు అయ్యెను. ఒరెస్తే బయటికి వచ్చెను. నజ్జరేనో లోనికి పోయెను. అంతలో వీధి తలుపు తెరుచుకొని, వాచిన మోకాలితో, కూరల సంచితో ఇనెస్ ప్రవేశించి, ఏ గొంతు విని ఒకనాడు ఇటలీ కుర్రకారు నిదురపోలేదో ఆ గొంతుతో అడిగెను.

"చివరెవరు?"

అంతట బొంపాని లేచి, కోటు గుండీ పెట్టుకొని, రొమ్ము విరిచి, గోడలదరునట్లు పలికెను. "నేను."

"నువ్వా? సరే," అని ఆమె కూర్చుండి మోకాలు రుద్దుకొనెను.

పన్నెండు కొట్టుటకు మూడు నిమిషములుండగా డాక్టరు నాడి పట్టి, నాలుక చూచి, ఈతడిప్పట్లో చావడని సంతకము చేసెను. జయ జయ ధ్వానములు చేయుటకు ఇనెస్ తప్ప ఎవ్వరును లేని ఆ గదిలోనికి, చేజిక్కిన శత్రుధ్వజమువలె కాగితమెత్తి పట్టుకొని, వరుసలో నిలిచి, వరుస తప్పక, వరుసను జయించిన ప్రథమ బొంపానియై ఆతడు వెలువడెను. త్రిలోకములు దీనిని గుర్తించుగాక.

"ఏం సినిమా?" అంది ఇనెస్, సంచి తీసుకొని లేస్తూ.

"చిన్నదే. అర నిమిషం. డబ్బా చేపల ప్రకటన."

"ఎవరెవరున్నారు?"

"మనుషులెవరూ లేరు. డబ్బా మూత తెరుచుకుంటుంది, లోపల చేప కనబడుతుంది. మాటలు తర్వాత పెట్టుకుందాం. నీ గొంతయితే బాగుంటుందని..."

ఇనెస్ డాక్టరు తలుపు దగ్గర ఆగింది.

"చచ్చిన చేప నోరు కదపదు. ఇన్నాళ్లకు నీకు తగ్గ నటుడు దొరికాడు, వాడి నోట్లో నన్ను పెట్టకు."